మొక్క లోపల నీళ్లు ఎటు, తిండి ఎటు: కళ్లతో చూసి తెలుసుకునే పద్ధతి

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. మొక్కల్లో రవాణా పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు బొమ్మ చక్కగా వేస్తారు. నీలం బాణం పైకి, ఎర్ర బాణం కిందికి. పైకి వెళ్లేది నీళ్లు, దాని దారి దారువు. కిందికి వచ్చేది ఆహారం, దాని దారి పోషక కణజాలం. మార్కులు కూడా బాగానే పడతాయి. అప్పుడు ఒక ప్రశ్న వేస్తాను. మాను లోపలంతా తొర్ర పడిన చెట్టు ఏళ్ల తరబడి పచ్చగా బతుకుతుంది. గట్టిగా ఉన్న చెట్టుకు చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున బెరడు ఒలిచేస్తే మాత్రం కొన్నాళ్లకు ఎండిపోతుంది. ఎందుకు? తరగతిలో ఒక్క చెయ్యి లేవదు.

ఈ ప్రశ్నకు మీ మాటల్లో మీరు జవాబు చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. అందుకు పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. కొత్త బ్లేడు, భూతద్దం, రెండు మూడు గాజు గ్లాసులు, ఎరుపో నీలమో నీటిలో కరిగే రంగు, పారదర్శకమైన పాలిథిన్ సంచులు, కాస్త వాజలైన్, కుండీలో కాస్త ముదురు కొమ్మలున్న మందారం లాంటి మొక్క ఉంటే చాలు. మైక్రోస్కోప్ ఉంటే సంతోషం, లేకపోయినా పని ఆగదు.

రంగు నీళ్ల ప్రయోగం, కాస్త ఓపికగా

అందరూ మొదలుపెట్టేది ఇక్కడే. చాలామంది ఆపేసేది కూడా ఇక్కడే. తెల్ల పువ్వు ఎర్రబడగానే చప్పట్లు కొట్టి లేచిపోతారు. అసలు చూడాల్సింది పువ్వులో కాదు, కాండం కోతలో ఉంటుంది.

మొక్క ఎంపికతో మొదలుపెట్టండి. కాశీతుమ్మ దొరికితే అంతకన్నా మంచిది లేదు. దాని కాండం నీళ్లతో నిండి అద్దంలా ఉంటుంది కాబట్టి రంగు ఎక్కుతుంటే బయట నుంచే కనిపిస్తుంది. అది లేకపోతే ఆకులున్న తెల్ల చామంతి కొమ్మ తీసుకోండి. కొమ్మను కోశాక దాని మొదలును నీళ్ల గిన్నెలో ముంచి, నీటి లోపలే మరో రెండు సెంటీమీటర్లు ఏటవాలుగా కోయండి. ఈ రెండో కోత చాదస్తం కాదు. కొమ్మ లోపలి నీళ్లు ఎప్పుడూ లాగుడులో ఉంటాయి. గాలిలో కోసిన క్షణమే కోసిన చోటు నుంచి గాలి లోపలికి దూరుతుంది. గాలి దూరిన గొట్టంలో నీటి తీగ తెగిపోయినట్టే. నీటిలో కోస్తే గాలి పట్టిన ముక్క పోయి, తెగని గొట్టాలు నేరుగా నీటికి తగులుతాయి. పూలగుత్తి వాజులో ఎక్కువ రోజులు తాజాగా ఉండాలన్నా ఇదే పద్ధతి.

రంగు పలచగా కలిపితే ఏమీ కనిపించదు. గ్లాసు అవతల పెట్టిన వేలు కనిపించనంత చిక్కగా కలపండి. సిరాల్లో కొన్ని ముద్దగా ఉండి గొట్టాల్లోకి పోవు, కాబట్టి పూర్తిగా కరిగే రంగే వాడండి. గ్లాసును వెలుతురు, గాలి ఆడే చోట పెట్టండి. మూసిన గదిలో, ముసురు పట్టిన రోజున రంగు చాలా మెల్లగా ఎక్కుతుంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను. కాశీతుమ్మలో గంటా రెండు గంటల్లో ఎర్ర చారలు కనిపిస్తాయి. పూలరేకులకు పాకడానికి ఒక్కోసారి రాత్రంతా పడుతుంది.

ఇప్పుడు కోత. కాండాన్ని ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, బ్లేడును నీటితో తడిపి, ఒకే దిశలో జారుస్తూ అడ్డంగా పలచని బిళ్లలు కోయండి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగితే కణాలు నలిగిపోతాయి. చిన్న పిల్లలైతే ఈ పని పెద్దవాళ్లే చేయాలి. బిళ్లను గాజుపలక మీద నీటిచుక్కలో ఉంచి, కింద తెల్లకాగితం పెట్టి భూతద్దంతో చూడండి. కాండమంతా ఎర్రగా ఉండదు. అంచుకు కాస్త లోపలగా, వలయంలో పేర్చినట్టు ఎర్ర చుక్కలుంటాయి. అవే నాళికాపుంజాలు. ఒక్కో పుంజంలో లోపలి వైపు ఉన్నది దారువు, బయటి వైపు ఉన్నది పోషక కణజాలం. రంగు పట్టింది దారువుకే. అదే పని మొక్కజొన్న కాండంతో చేస్తే చుక్కలు వలయంలో కాకుండా కోత అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. మొక్కజొన్న లాంటి ఏకదళ బీజాలకూ (గింజలో ఒకే పప్పు బద్ద), చామంతి లాంటి ద్విదళ బీజాలకూ (రెండు బద్దలు) ఉన్న ఈ తేడాను గుర్తుంచుకోండి, బెరడు దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

మరో ముక్కను నిలువునా చీల్చండి. చుక్కలన్నీ గీతలైపోతాయి. అంటే ఇవి వేరు నుంచి ఆకు దాకా సాగే గొట్టాలు. గొట్టాలు ఎంత విడివిడిగా పోతాయో చూడాలంటే చామంతి కాడను కింద నుంచి రెండుగా చీల్చి, ఒక పాయ ఎర్రనీళ్లలో, ఒక పాయ నీలంనీళ్లలో ఉంచండి. పువ్వు ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం అవుతుంది. మధ్యలో కలిసేది తక్కువ. తోటలో చెట్టుకు ఒక వైపు వేర్లు దెబ్బతింటే చాలాసార్లు అదే వైపు కొమ్మలు ఎండడం ఇందుకే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొందరు మొక్కను వేర్లతో సహా పెకలించి రంగు నీళ్లలో పెట్టమంటారు. వేరు నిజంగా ఆరోగ్యంగా, ఎక్కడా తెగకుండా ఉంటే చాలా రంగులు అంత సులువుగా పైకి పోవు. వేరు లోపల అంతస్త్వచం అనే కణాల వరస ఉంటుంది. ఆ కణాల గోడల మధ్య కాస్పేరియన్ పట్టీలనే నీరు చొరని అడ్డుకట్టలుంటాయి. గోడల సందుల్లోంచి వచ్చిన నీరు అక్కడ ఆగి, కణం పొర గుండా దూరాల్సిందే. ఏది రావాలో ఏది రాకూడదో మొక్క చాలావరకు అక్కడే తేల్చుకుంటుంది. వేర్లున్న మొక్కలో రంగు చకచకా ఎక్కిందంటే పెకలించేటప్పుడు వేర్లు తెగాయని నాకు అనుమానం. అందుకే కోసిన కొమ్మే మేలు.

లాగేది ఎవరు?

‘వేరు నీటిని పైకి పంపుతుంది’ అని పరీక్షల్లో రాస్తూనే ఉంటారు. ఈ వాక్యం చూస్తే నా ఎర్ర పెన్ను ఊరుకోదు. వేరు నీటిని తీసుకుంటుంది, నిజమే. పైకి లాగే పని ఎక్కువగా ఆకుది.

నమ్మొద్దు, చూడండి. ఒకే మొక్క నుంచి ఒకే పొడవున్న రెండు కొమ్మలు తీసుకోండి. ఒకదాని ఆకులన్నీ తుంచేయండి. రెండింటినీ ఒకే రకం సన్నని సీసాల్లో పెట్టి, నీటి మీద చెంచాడు నూనె పోయండి. నూనె ఉంటే నీళ్లు సీసా మూతి నుంచి నేరుగా ఆవిరైపోవు. నీటి మట్టం దగ్గర గీత పెట్టి, రెండింటినీ ఎండపొడ తగిలే కిటికీ దగ్గర ఉంచండి. మర్నాటికి ఆకులున్న సీసాలో మట్టం దిగి ఉంటుంది. మోడు కొమ్మ సీసాలో తేడా వెతుక్కోవాలి. కొమ్మ అదే, గొట్టాలవే. లేనిది ఆకులే. ఫ్యాన్ గాలిలో ఒక కొమ్మ, పాలిథిన్ సంచి కప్పి మరో కొమ్మ పెట్టి కూడా పోల్చండి. గాలిలో ఉన్నది ఎక్కువ తాగుతుంది. సంచిలో తేమ నిండిపోయాక రెండోది దాదాపు మానేస్తుంది. ముసురు రోజున రంగు మెల్లగా ఎక్కిందన్నానే, సంగతి ఇదే.

ఆకులోంచి నీళ్లు పోయేది ఎక్కణ్ణుంచి? దీనికి వాజలైన్. మందారం ఆకులు ఒకే సైజువి నాలుగు కోసి, కాడల కోతల మీద కూడా వాజలైన్ రాసేయండి. మొదటి ఆకుకు రెండు వైపులా పూయండి, రెండోదానికి పై వైపే, మూడోదానికి కింది వైపే. నాలుగోదాన్ని ఊరికే వదిలేయండి. దారానికి వేలాడదీసి రోజూ చూడండి. అన్నిటికన్నా ముందు వాడేది నాలుగోది, దాని వెనకే రెండోది. కింది వైపు మూసిన ఆకు చాలా రోజులు నిలుస్తుంది. పత్రరంధ్రాలు ఎక్కువగా ఆకు అడుగున ఉండడమే కారణం. ప్రతి రంధ్రానికీ రెండు రక్షక కణాలు కాపలా ఉంటాయి. అవి నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, వడిలితే మూసుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే రంధ్రం తెరవాలి, తెరిస్తే నీళ్లు ఆవిరైపోతాయి. మొక్క జీవితమంతా ఈ బేరమే. వేర్లు తీసుకున్న నీటిలో 95 శాతానికి పైగా ఇలా గాలిలో కలిసిపోతుంది. పిండిపదార్థం తయారీకి, పెరుగుదలకు మిగిలేది చాలా కొంచెం. ఇలా ఆకుల నుంచి నీరు ఆవిరైపోవడాన్నే బాష్పోత్సేకం అంటాం.

పైనుంచి నీరు పోతే కింద ఉన్న నీరు ఎందుకు రావాలి? ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాల్సిందే. ఆకు కణాల తడి గోడల నుంచి నీటి అణువులు ఆవిరవుతుంటే, వాటి వెనకున్న అణువులు ఆ చోటికి లాగబడతాయి. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. అది సంసంజనం. గొట్టం గోడను కూడా పట్టుకుంటాయి. అది అసంజనం. దాంతో ఆకు చివర మొదలైన లాగుడు కాండం మీదుగా వేరు దాకా, అక్కణ్ణుంచి మట్టిలోని తడి దాకా పాకుతుంది. 1894లో డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ ఈ వివరణ ఇచ్చినప్పుడు చాలామందికి మింగుడు పడలేదు. నీటిని తాడులా లాగడమేమిటి అన్నారు. లెక్క వేసి చూడండి. గాలి పీడనం ఒక్కటే నీటిని నెట్టగలిగేది సుమారు 10 మీటర్ల ఎత్తుకే. సన్నని గొట్టంలో నీరు తనంతట తాను పాకడం కూడా సరిపోదు. 0.1 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో అది ఎక్కేది దాదాపు 30 సెంటీమీటర్లు. కాలిఫోర్నియాలో హైపీరియన్ అని పేరు పెట్టిన రెడ్‌వుడ్ చెట్టు ఎత్తు 115 మీటర్లకు పైనే. అంత ఎత్తున ఉన్న ఆకుకు నీరందాలంటే పైనుంచి లాగుడు తప్ప మరో దారి లేదు. పెద్ద చెట్ల దారువులో ఈ లాగుడు వాతావరణ పీడనానికి 10 నుంచి 20 రెట్లు ఉండడం మామూలే.

ఇంత లాగుడుకు గొట్టం ముడుచుకుపోవాలి కదా? పలచటి కాగితం స్ట్రాతో చిక్కటి జ్యూస్ గట్టిగా పీలిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. దారునాళాల గోడలకు లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉంగరాలుగా, మరచుట్లుగా పట్టి ఉంటుంది కాబట్టి అవి ముడుచుకుపోవు. ఇంకో విచిత్రం, ఈ గొట్టాలు పనిలోకి దిగేది చచ్చిపోయాకే. కణం లోపలి జీవపదార్థమంతా పోయి ఖాళీ గొట్టం మిగులుతుంది. బతికిన కణాల సాయం లేకుండా నీరు ఎక్కుతుందా అన్న సందేహం 1890ల్లోనే తీరింది. జర్మనీలో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ చెట్టును మొదట్లో కోసి విషపు ద్రావణంలో నిలబెట్టాడు. విషం దారిలోని బతికిన కణాలను చంపుకుంటూ పైకి వెళ్లింది. ఆకులు చచ్చేదాకా ద్రావణం ఎక్కుతూనే ఉంది. ఆకులు పోయాకే ఆగింది. మన జగదీశ్ చంద్ర బోస్ 1920ల్లో దీనికి ఎదురు వాదించారు. కాండంలోని బతికిన కణాలు లయగా ముడుచుకుంటూ వ్యాకోచిస్తూ నీటిని నెడతాయన్నారు. మొక్కల స్పందనల మీద ఆయన చేసిన పనిని ఎంతో గౌరవిస్తాను. ఈ ఒక్క విషయంలో మాత్రం స్ట్రాస్‌బర్గర్ చెట్టు ముందు ఆ వాదం నిలబడదు.

మరి వేరు అసలు నెట్టదా? నెడుతుంది, కొద్దిగా. చేమ, టమాటా, గడ్డి, వీటిలో ఏదున్నా సాయంత్రం బాగా నీళ్లు పోసి, పైన గాజుపాత్రో పాలిథిన్ సంచో బోర్లించండి. తెల్లవారుజామున ఆకు కొనల్లో, అంచుల్లో వరసగా నీటి బొట్లు కనిపిస్తాయి. మంచు బిందువులు ఆకంతా పరుచుకుంటాయి. ఇవి మాత్రం ఈనెలు ముగిసే చోటే నిలుస్తాయి. రాత్రి బాష్పోత్సేకం లేనప్పుడు వేరు లవణాలను లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట ద్రవాభిసరణంతో, అంటే పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకు పొర గుండా సాగి, నీరు వస్తుంది, ఆ ఒత్తిడికి ఇలా బొట్లుగా బయటపడుతుంది. దీన్ని బిందుస్రావం అంటారు. 1727 నాటికే స్టీఫెన్ హేల్స్ కోసిన ద్రాక్ష మోడుకు గాజుగొట్టం బిగించి ఈ వేరు పీడనాన్ని కొలిచాడు. చిన్న మొక్కలకు ఇది ఉపయోగమే. పొడవాటి చెట్టుకు, అదీ మిట్టమధ్యాహ్నం, దీని వల్ల ఒరిగేదేమీ లేదు.

తిండి దారి చూడాలంటే బెరడు ఒలవాలి

పోషక కణజాలాన్ని రంగుతో చూడబోతే కుదరదు. అందులో ఆహారం మోసే గొట్టాలు, అంటే చాలనీ నాళాలు, బతికిన కణాలు. కేంద్రకం వదిలేసినా, పక్కనున్న సహకణాల సాయంతో బతుకుతుంటాయి. కోత పడగానే రంధ్రాలను నిమిషాల్లో మూసేసుకుంటాయి. లేకపోతే చక్కెరంతా కారిపోదూ! కాబట్టి అడ్డం కొట్టి, ఎక్కడ పోగుపడుతుందో చూడాలి.

కుండీలోని మందారానికి పెన్సిల్ మందమున్న ఒక ముదురు కొమ్మ ఎంచుకోండి. కోత పెట్టే చోటుకు పైన బోలెడు ఆకులుండాలి. బ్లేడుతో కొమ్మ చుట్టూ రెండు గాట్లు పెట్టండి, వాటి మధ్య దూరం రెండు మూడు సెంటీమీటర్లు. గాటు గట్టి కర్ర తగిలేదాకా దిగితే చాలు, కర్రలోకి వెళ్లకూడదు. రెండు గాట్లనూ కలుపుతూ నిలువుగా ఒక గీత కోసి, బెరడు వలయాన్ని ఊడదీయండి. కింద నున్నగా, జిగురుగా ఒక పొర ఉంటుంది. అది విభాజ్య కణావళి. దాన్ని బ్లేడు వీపుతో గీకేయండి. వదిలేస్తే అది మళ్లీ కొత్త బెరడును పుట్టించి గాయాన్ని కలిపేస్తుంది, మీ ప్రయోగం వృథా. కర్ర ఎండకుండా పలచటి పాలిథిన్ చుట్టండి. ఈ పనికి మొక్కజొన్న, కొబ్బరి, అరటి లాంటివి పనికిరావు. వాటి పుంజాలు కాండమంతా చెదిరి ఉంటాయన్నాం కదా, బెరడుతో పాటు ఊడొచ్చేలా ఒక పొరగా ఉండవు.

మొదటి వారం ఏమీ జరగదు. జరగకపోవడమే ఇక్కడ మొదటి ఫలితం! ఆకులు వాడవు. బెరడు పోయినా నీళ్లు అందుతున్నాయంటే నీటి దారి లోపలి కర్రలోనే ఉందన్నమాట. కొన్ని వారాలకు వలయానికి పై అంచు ఉబ్బుతుంది. కింది అంచు అలాగే ఉంటుంది. ఆకుల్లో తయారైన చక్కెర కిందికి వస్తూ, దారి తెగిన చోట ఆగిపోయింది. 1670ల్లో ఇటలీలో మార్చెల్లో మాల్పీగీ చెట్ల మీద చూసింది ఇదే ఉబ్బు.

ఆ ఉబ్బును వృథా పోనివ్వకండి. వలయం చుట్టూ తడి నాచు పెట్టి, పాలిథిన్‌తో బిగించి కడితే పై అంచు నుంచే వేర్లు వస్తాయి. తోట పనివాళ్లు గాలి అంటు కట్టేది ఇలాగే. వేర్లు పై అంచునే ఎందుకు వస్తాయో ఇప్పుడు మీకు వేరే చెప్పక్కర్లేదు. తిండితో పాటు, వేర్లు పుట్టించే హార్మోన్ ఆక్సిన్ కూడా పైనుంచే వచ్చి అక్కడ పోగుపడుతుంది.

అలాగని ఎర్ర బాణం ఎప్పుడూ కిందికే గీయకండి. ఆహారం తయారయ్యే చోటు నుంచి, లేదా నిలవున్న చోటు నుంచి, కావలసిన చోటుకు పోతుంది. ముదురాకు నుంచి వేరుకు కిందికి. అదే ఆకుకు పైన కాయ ఉంటే పైకి. మొలకెత్తుతున్న బంగాళదుంపను చీకట్లో పెట్టి చూడండి, ఒక్క పచ్చటాకు లేకుండానే మొలక బారెడు పొడుగు సాగుతుంది. దానికి తిండి కింద ఉన్న దుంప నుంచే పైకి వస్తోంది. చిగురుటాకు మొదట్లో తిండి అడుక్కునేదే, సగం పెరిగాక ఇచ్చేదవుతుంది. దారువులో ఈ అటూ ఇటూ లేదు, వేరు నుంచి ఆకు వైపే.

దీన్ని నడిపేది నెట్టుడు. 1930లో జర్మన్ అటవీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మ్యూంచ్ వివరంగా చెప్పిన మాటే ఇప్పటికీ ఆధారం. ఆకులో సహకణాలు శక్తి ఖర్చుపెట్టి సుక్రోజ్ అనే చక్కెరను చాలనీ నాళంలోకి ఎక్కిస్తాయి. లోపల చక్కెర చిక్కబడగానే పక్కనున్న దారువు నుంచి నీరు ద్రవాభిసరణంతో దూరుతుంది. ఆ చివర పీడనం పెరుగుతుంది. వేరు దగ్గరో కాయ దగ్గరో అక్కడి కణాలు చక్కెరను దించేసుకుంటాయి కాబట్టి నీరు బయటికి పోయి, ఈ చివర పీడనం తగ్గుతుంది. ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడి వైపు రసం సాగుతుంది, గంటకు సుమారు ఒక మీటరు. దారువులో వెడల్పాటి నాళాలున్న చెట్లలో మధ్యాహ్నం వేళ నీరు గంటకు పదుల మీటర్లు పోగలదు. రెండు దారులూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని నీళ్లు లేకపోతే రెండోది కదలదు. పాఠంలో వాటిని వేరు వేరు పేజీల్లో చెప్పడం నాకు అసలు నచ్చదు.

పోషక కణజాలంలో ఒత్తిడి ఉందనడానికి సాక్ష్యం పేనుబంక. లేత చిగురుకు పేనుబంక పట్టి ఉంటే దాని కింద నున్నటి నల్లకాగితం కాసేపు పెట్టి తీయండి. మెరిసే జిగురు చుక్కలు పడి ఉంటాయి. ఆ పురుగు తన సన్నని సూదిలాంటి నోటిని సరిగ్గా ఒక చాలనీ నాళంలోకి దించుతుంది. రసం ఒత్తిడితోనే నోట్లోకి వస్తుంది, దాదాపు పీల్చే శ్రమే ఉండదు. అవసరానికి మించిన చక్కెర వెనక నుంచి తేనెబంకగా పడిపోతుంది, దానికోసమే చీమలు చేరతాయి. 1953లో కెనెడీ, మిట్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పురుగును కోసేసి సూది మాత్రం మొక్కలో ఉంచారు. సూది చివర నుంచి రసం గంటల తరబడి బొట్లుగా కారింది. మన బ్లేడు కోతకు మూసుకునే నాళం పురుగు సూదికి మూసుకోదు. స్వచ్ఛమైన పోషకరసం తీయడానికి అంతకన్నా మంచి పరికరం అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

మొక్క వాడితే ముందు దారి ఏదో అడగండి

ఇదంతా తెలిశాక కుండీల ముందు నిలబడే తీరు మారుతుంది. మిట్టమధ్యాహ్నం ఆకులు వేలాడి సాయంత్రానికి లేస్తే టెన్షన్ పడొద్దు. ఆకు ఖర్చు వేరు రాబడిని కాసేపు మించింది, అంతే. తెల్లారినా లేవకపోతేనే వెతకాలి. మట్టి ఎండిందా? తడిగానే ఉంటే మరీ తడిగా ఉందా? నీళ్లు నిలిచిన మట్టిలో వేర్లకు గాలి అందదు, శ్వాస ఆగితే లవణాలను తీసుకునే పనీ, నీళ్లు తీసుకునే పనీ కుంటుపడతాయి. నీళ్లలో నిలబడి దాహంతో వాడే మొక్కకు మళ్లీ నీళ్లు పోస్తే చంపడమే. ఎరువు ఎక్కువ వేసినా ఇలాగే. మట్టిలో లవణం చిక్కబడితే వేరులోకి రావలసిన నీరు ఎదురు తిరిగి బయటికి పోతుంది. అప్పుడు చేయాల్సింది ధారాళంగా నీళ్లు పోసి, కుండీ అడుగు రంధ్రం నుంచి లవణాన్ని కడిగేయడం.

నారు మార్చి నాటేటప్పుడు మూలకేశాలు, అంటే వేరు మీది సన్నని నూగు, చాలావరకు తెగిపోతాయి. నీరు ప్రధానంగా వచ్చేది వాటి గుండానే. అవి మళ్లీ పుట్టేదాకా ఖర్చు తగ్గించాలి. నీడ చూపండి, సాయంత్రం నాటండి, పెద్ద మొక్కయితే కొన్ని ఆకులు తుంచండి.

చెట్ల కొమ్మల మీద పెరిగే పరాన్నజీవి మొక్క బదనికను చూసి భయపడేవారు చాలామంది. అది దారువులోకి మాత్రమే గొట్టం దించి నీళ్లూ లవణాలూ తీసుకుంటుంది. దాని ఆకులు పచ్చగా ఉంటాయి, వంట చాలావరకు తనే చేసుకుంటుంది. పసుపుపచ్చ దారాల్లా అల్లుకునే బంగారుతీగ అలా కాదు. అది దారువులోకీ, పోషక కణజాలంలోకీ రెండింట్లోకీ దిగుతుంది. నా దృష్టిలో ముందు పీకాల్సింది దాన్నే.

ఇక తొర్ర చెట్టు సంగతి. మాను మధ్యలో ముదిరిన చేవ నీళ్లు మోయడం ఎప్పుడో మానేసింది. అది చెట్టును నిలబెట్టడానికే. నీళ్లు మోసేది బెరడుకు దగ్గరగా ఉన్న కొత్త దారువు పొరలు. అందుకే లోపలంతా పుచ్చిపోయినా ఆకుకు నీరందుతుంది, బెరడు ఉన్నంతవరకు వేరుకు తిండీ అందుతుంది. గాలి వీస్తే కూలే ప్రమాదం ఉందేమో గానీ ఆకలి లేదు. బెరడు చుట్టూ ఒలిచిన చెట్టుకు నీళ్లున్నాయి, ఆకుల్లో వంట కూడా ఉంది, వేరుకు ముద్ద దిగే దారి ఒక్కటే తెగింది. వేరు తన నిలవను తిన్నంతకాలం చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. నిలవ అయిపోయాక కొత్త మూలకేశాలు పుట్టవు, నీళ్లు తగ్గుతాయి, అప్పుడు ఆకులు రాలతాయి. ఇది నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏళ్లు. అందుకే ఎవరికీ కారణం గుర్తుండదు.

బట్టల తీగ, బోర్డు తీగ మానుకు బిగించి వదిలేసినా ఫలితం ఇదే. మాను లావెక్కుతుంది, తీగ సాగదు, చివరికి బెరడును నొక్కేస్తుంది. తీగకు పైన ఉబ్బు కనిపిస్తే ఇవాళే కోసేయండి. మొక్కకు కర్ర ఊతం కట్టేటప్పుడు కూడా వేలు దూరేంత సందు వదిలి, ఏడాదికొకసారి ముడి మార్చండి.

ఎలుకలో మేకలో అప్పటికే చుట్టూ బెరడు తినేసి ఉంటే, చెట్టు విలువైనదైతే, వంతెన అంటు కట్టి చూడొచ్చు. అదే చెట్టు నుంచి వేలు మందం పుల్లలు, గాయం పొడవుకన్నా కాస్త ఎక్కువ ఉండేలా కోయండి. రెండు చివరలూ ఏటవాలుగా చెక్కి, ఒక చివర గాయానికి కింది బెరడు లోపలికి, మరో చివర పై బెరడు లోపలికి దూర్చండి. విభాజ్య కణావళికి విభాజ్య కణావళి ఆనాలి. చిన్న మేకుతో బిగించి, పైన అంటు మైనం పూయండి. మాను చుట్టూ నాలుగైదు సెంటీమీటర్లకొక పుల్ల చొప్పున పెట్టండి. పుల్ల చెట్టు మీద ఏ చివర పైకి ఉండేదో ఇక్కడా ఆ చివరే పైకి ఉండాలి, కాబట్టి కోసేటప్పుడే పై చివర రంగుతో గుర్తు పెట్టుకోండి.